సెల్లులు అతికినంత మాత్రాన సోలార్ ప్లేటు కాదు

“సెల్లులు తెచ్చుకుని టంకంతో అతుక్కుంటే సోలార్ ప్లేటు ఇంట్లోనే తయారవుతుంది, సగం డబ్బు మిగులుతుంది.” చదువుకున్న పిల్లలు కూడా నమ్మకంగా చెబుతున్న మాట ఇది. హయత్‌నగర్ దాటాక విజయవాడ రోడ్డు వెంట అబ్దుల్లాపూర్‌మెట్ దాకా కొత్త డాబాలు లేస్తున్న చోట ఇలాంటి మాట ఇట్టే చెవికెక్కుతుంది. ఇది తప్పుడు మాట. డబ్బు దండగ చేసే మాట, ఇంటికి నిప్పు తెచ్చే మాట కూడా.

అతికితే కరెంటు రాదని కాదు. ఎండలో ఒక్కో సిలికాన్ సెల్లు అర వోల్టు పైచిలుకు ఇస్తుంది. 36 సెల్లుల్ని వరుసగా కలిపితే 12 వోల్టుల బ్యాటరీ ఛార్జవుతుంది. తొలిరోజు మీటరులో అంకెలు చూసి ఇంటిల్లిపాదీ సంబరపడతారు. చిక్కంతా ఆ తర్వాత వచ్చే వానకాలాలతోనే.

సెల్లు మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు, అప్పడం కన్నా పెళుసు. ఫ్యాక్టరీలో దాన్ని గట్టి అద్దానికీ వెనక షీటుకూ మధ్య ఈవీఏ అనే ప్లాస్టిక్ పొరల్లో పేర్చి, గాలి మొత్తం లాగేసి, 150 డిగ్రీల దగ్గర కరిగించి ఒక్కటిగా అతికిస్తారు. దీన్నే లామినేషన్ అంటారు. ఆ రకం ప్లేటును మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా 200 సార్లు చల్లార్చి, వేడిచేసి చూస్తారు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచుతారు. 25 మిల్లీమీటర్ల మంచు గుండ్లతో కొడతారు. కంపెనీ 25 ఏళ్ల హామీ ఇచ్చేది ఇంత చేశాకే. ఇంట్లో చేసేదానికి కిటికీ అద్దం, ప్లైవుడ్ చెక్క, చుట్టూ సిలికోన్ గమ్ము. మే ఎండకు ప్లేటు 60 డిగ్రీలు దాటి కాగుతుంది, రాత్రికి చల్లారుతుంది. సెల్లుల్ని కలిపే రాగి పట్టీ సాగినంత సిలికాన్ సెల్లు సాగదు కాబట్టి రోజూ ఆ లాగుడుకు టంకం పగులుతుంది. అంచుల్లోంచి జూలై తేమ దూరి సెల్లు మీది వెండి గీతల్ని తినేస్తుంది.

ఇంతవరకైతే నష్టం డబ్బే. అలాంటి ప్లేట్లు నాలుగైదు వరుసగా కలిపితే వోల్టేజీ వంద దగ్గరికి పోతుంది. అప్పుడు ఊడీ ఊడని అతుకు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది గనుక ఆ రవ్వ ఆరిపోయే వీలుంది. సోలార్ ప్లేటు ఇచ్చే డీసీలో ఆ వీలు లేదు. ఎండను బంద్ చేసే స్విచ్చి ఉండదు, కింద ఉన్నదేమో ప్లైవుడ్.

లెక్క చూసినా ఈ వాదం నిలవదు. దేశంలో తొలి సోలార్ సెల్లును ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లో తయారుచేసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్లేటు మామూలు ఇంటికి అందలేదు. విరిగిన సెల్లులు అతుక్కోవడంలో అప్పుడు అర్థం ఉంది. ఇప్పుడు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయలు సబ్సిడీ ఇస్తోంది. అదీ దేశంలో తయారైన సెల్లులతో చేసిన, ప్రభుత్వ జాబితాలో ఉన్న ప్లేట్లకే. చేత్తో అతికినదానికి సబ్సిడీ లేదు, నెట్ మీటరూ రాదు. కొన్ని వేలు మిగుల్చుకోబోయి 78 వేలు వదులుకోవడం ఏం పొదుపు?

ఎన్నాళ్లని కంపెనీల మీద ఆధారపడాలి అంటారు ఇంట్లోనే చేసుకుందామనేవాళ్లు. వాళ్ల వాదనలో బలమున్నది ఇక్కడే. ఆ ప్రశ్న నాదీ. జవాబు మాత్రం వంటింట్లో లేదు. కొనుక్కొచ్చిన సెల్లూ ఫ్యాక్టరీదే, దానికి మూలమైన వేఫర్లలో నూటికి తొంభైకి పైగా చైనావే. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి బొంగుళూరు దాటితే రావిర్యాల. అక్కడి ఫ్యాబ్ సిటీని చిప్పుల కోసం తలపెట్టారు. చిప్పులు రాలేదు, సోలార్ కంపెనీలు వచ్చాయి. ప్రీమియర్ ఎనర్జీస్ అక్కడ సెల్లులు, ప్లేట్లు రెండూ చేస్తోంది. ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఆ లామినేషన్ పని దగ్గరుండి చూపించాలి, చేయించాలి. రాజస్థాన్‌లోని డూంగర్‌పూర్‌లో గిరిజన మహిళలు ఐఐటీ బాంబే సాయంతో సొంత కంపెనీ పెట్టుకుని ప్లేట్లు చేస్తున్నారు. వాళ్లు పని నేర్చుకుని, యంత్రాలు పెట్టుకుని, తామే వాటాదారులై చేశారు. కలిసి నడుపుకోవడం మనకూ కొత్త కాదు. సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం 1970లో పుట్టింది, నేటికీ ఊళ్లకు కరెంటు పంచుతోంది.

ఇంటివాళ్లు చేతులు ముడుచుకోవాలని నేననను. దక్షిణానికి తిప్పి సుమారు 17 డిగ్రీల వాలుతో స్టాండు ఊళ్లోని వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు. నీళ్ల ట్యాంకు నీడ ఏ పొద్దున ఎక్కడ పడుతుందో ఇంటివాళ్లకు తెలిసినంత బయటివాళ్లకు తెలియదు. ఒక్క ప్లేటు మీద పడ్డ నీడ వరుసంతటినీ దించేస్తుంది. హైవే దుమ్ము కడగడం, ఎర్తింగ్ చూపించుకోవడం, బిల్లులో యూనిట్లు సరిచూసుకోవడం మన పనే. రెండేళ్లకు ఇన్వర్టరు ఆగిపోతే నగరం నుంచి ఎవరో వచ్చేదాకా ఎదురుచూడకుండా, మండలంలోనే రిపేరు తెలిసినవాళ్లు ఉండాలి. అబ్దుల్లాపూర్‌మెట్ పిల్లలకు ఆ శిక్షణ ఇప్పించమని డిస్కమ్‌నూ, ఎమ్మెల్యేనూ అడగాలి.