తేమ చూపే ముల్లుకు ముద్ర ఏదీ?

కాటాకు ఏటేటా ముద్ర పడుతుంది. 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాను 12 నెలలకోసారి, తూకపు రాళ్లను 24 నెలలకోసారి అధికారి పరీక్షించి ముద్ర వేయాలి. ముద్ర లేని కాటా మీద సరుకు తూస్తే రైతు ఊరుకోడు, వ్యాపారీ ఊరుకోడు. అయితే ఆ కాటా మీదికెక్కే పొగాకు బరువును పెంచేదీ, తగ్గించేదీ తేమ. గోదాములో తేమ ఎంతుందో చెప్పడానికి గోడకు తగిలించిన హైగ్రోమీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారని అడిగితే చాలాచోట్ల జవాబు రాదు. కొన్ననాటి నుంచి అది చెప్పిందే వేదం.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయరాదు. లెక్క చూడండి. వంద కిలోల ఆకులో 12 శాతం తేమ ఉంటే అసలు ఆకు 88 కిలోలు. అదే ఆకు నెమ్ము లాగి 16 శాతానికి చేరితే కాటా మీద దాదాపు 104 కిలోల 760 గ్రాములు తూగుతుంది. ఆకు పెరగలేదు, నీరు పెరిగింది. కొన్నవాడు నీటికి డబ్బు చెల్లించాడు. తిరగేసి చూస్తే, ఆకు మితిమీరి ఎండినప్పుడు అమ్మినవాడు తన ఆకునే తక్కువ బరువుకు ఇచ్చుకున్నాడు. ఎండిన ఆకు పట్టుకుంటే పొడి రాలుతుంది. ఆ పొడికి ధర లేదు. నెమ్మెక్కిన ఆకు మండెలో వేడెక్కి బూజు పడుతుంది. దానికి గిరాకీ లేదు.

ఈ విషయంలో అన్నిటికన్నా కఠినమైన పరీక్ష సిగారుది. సిగరెట్టులో ఆకును తరిగి కాగితంలో చుడతారు. సిగారులో లోపలి పొత్తి, దాని మీది కట్టు, పైచుట్టు మూడూ ఆకులే. పైచుట్టు ఆకు పొర పలచనిది. గాలి పొడిబారితే అది చిట్లుతుంది. తేమ హెచ్చితే లోపలి ఆకు ఉబ్బి పైచుట్టును పగలదీస్తుంది, పొగ లాగదు. అందుకే సిగార్లను గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య, వేడి 20 డిగ్రీల చుట్టుపక్కల ఉండేట్టు నిల్వ చేస్తారు. తేమ 75 దాటి కొంతకాలం నిలిస్తే బూజు భయం. వేడి కూడా తోడైతే పొగాకు పురుగు గుడ్లు పొదిగి, సిగారుకు సూది బెజ్జాలు పడతాయి. అంటే మంచి నిల్వకూ చెడ్డ నిల్వకూ మధ్య ఉన్న ఎడం పట్టుమని పది పాయింట్లు లేదు. అయిదు పాయింట్లు తప్పు చూపే ముల్లు ఉంటే సగం దారి గుడ్డిగా నడిచినట్టే.

మన పొగాకుకు ఈ వ్యాపారంతో సంబంధం పాతదే. గోదావరి లంకల్లో పండే ఆకు చుట్టకు పెట్టింది పేరు. తిరుచిరాపల్లి చుట్టల వారు కూడా దాన్ని వాడారు. సిగారు, చుట్ట పొగాకు పరిశోధనకు తమిళనాడులోని వేడసందూరులో, పైచుట్టు ఆకు కోసం పశ్చిమ బెంగాల్‌లోని దిన్‌హటాలో ప్రత్యేక కేంద్రాలు వెలిశాయి. వర్జీనియా పొగాకు సంగతికొస్తే, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. వేలం పద్ధతి కర్ణాటకలో 1984లో, ఆంధ్రలో 1985లో మొదలైంది. మన వేలాలు వేసవిలో సాగి తొలకరి దాకా వస్తాయి. రోహిణి కార్తె వడగాలికి పెళుసెక్కిన ఆకే నాలుగు వారాలు తిరక్కుండా తడిగాలికి మెత్తబడుతుంది. ఇలాంటి వాతావరణంలో కొలత తప్పితే నష్టం రెండు వైపుల నుంచీ వస్తుంది.

పొగాకు ఆరోగ్యానికి హానికరమన్నది నిర్వివాదం. అయితే పండిన పంట బూజు పట్టి పోయినందువల్ల ఎవరి ఆరోగ్యమూ బాగుపడదు; రైతు అప్పు మాత్రం పెరుగుతుంది.

ఇంతకూ ముల్లు ఎందుకు తప్పు చూపుతుంది? 1783లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సోస్యూర్ మనిషి వెంట్రుకతో హైగ్రోమీటరు తయారుచేశాడు. పూర్తిగా పొడిగాలి నుంచి పూర్తిగా తడిగాలికి మారితే వెంట్రుక నూటికి రెండు, రెండున్నర పాళ్లు సాగుతుంది. ఆ సాగుదలే ముల్లును తిప్పుతుంది. వెంట్రుక ముసలిదైతే, దుమ్ము పడితే లెక్క మారుతుంది. నేడు చవకగా దొరికే ముల్లు రకాల్లో చాలావాటిలో తేమ పీల్చే పొర పూసిన లోహపు చుట్ట ఉంటుంది. అది ఇంకా మొండిది. పది పాయింట్లు తేడా చూపినా ఆశ్చర్యం లేదు. అంకెలు చూపే డిజిటల్ రకం మెరుగే, కాని అదీ ఏళ్లు గడిచేకొద్దీ పక్కకు జరుగుతుంది. అంకె స్పష్టంగా కనిపిస్తున్నంత మాత్రాన నిజమై పోదు.

తడి, పొడి థర్మామీటర్ల జత బ్యారన్లలో వాడుక. అది నమ్మదగినదే, కాని గుడ్డ శుభ్రంగా, నీరు స్వచ్ఛంగా ఉండి, గాలి ఆడుతుంటేనే. పొడి బల్బు 30 డిగ్రీలు, తడి బల్బు 26 డిగ్రీలు చూపితే తేమ సుమారు 73 శాతం. గుడ్డ మట్టి పట్టి తడి బల్బు ఒక్క డిగ్రీ ఎక్కువ చూపితే లెక్క 79కి పోతుంది. ఒక్క డిగ్రీ తప్పు ఆరు పాయింట్లయి కూర్చుంటుంది.

సరిచూసే పద్ధతి కష్టమైనది కాదు, ఖరీదైనదీ కాదు. మూసిన పెట్టెలో తడి ఉప్పు ఉంచితే లోపలి గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఇది అంచనా కాదు. అమెరికా జాతీయ ప్రమాణాల బ్యూరోకు చెందిన గ్రీన్‌స్పాన్ 1977లో ప్రచురించిన పట్టిక ప్రకారం 20 డిగ్రీల వద్ద 75.5, 25 వద్ద 75.3, 30 వద్ద 75.1. వేడి మారినా ఇంత నిలకడగా ఉండడమే ఉప్పు గొప్ప.

చిన్న మూతలో ఉప్పు పోసి, కొద్ది చుక్కల నీటితో తడి ఇసుకలా చేయాలి. కరిగి నీళ్లయిపోతే పరీక్ష చెడినట్టే. ఉప్పు గింజ కనబడుతూ ఉండాలి. ఆ మూతను, హైగ్రోమీటరును గాలి చొరని డబ్బాలో పక్కపక్కన, తగలకుండా పెట్టి మూసి, వేడి మారని చోట ఒక రోజు ఉంచాలి. మూత తీయకుండానే అంకె చూడాలి. శుద్ధిచేసిన ఉప్పు వాడాలి. ఉప్పు కొఠారు నుంచి తెచ్చిన ముడి ఉప్పు పనికిరాదు. అందులో మిగిలే మెగ్నీషియం లవణాలు తేమను తాము లాగుకొని అంకెను కిందికి దించుతాయి.

డబ్బాలో ముల్లు 70 చూపిందనుకుందాం. అంటే అది అయిదు పాయింట్లు తక్కువ చెబుతోంది. ఇది తెలియని గుమాస్తా గోదాములో 65 చూసి, పొడిబారిందని నీళ్లు చల్లించి 70కి తెస్తాడు. అప్పుడు నిజంగా ఉన్నది 75. బూజును పిలిచి పీట వేసినట్టయింది. ఆ తరువాత తప్పు సరుకుదంటారు, రైతుదంటారు. ముల్లును ఎవరూ అనరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఉప్పు పరీక్ష ఒక్క చోట మాత్రమే నిజం చెబుతుంది. 75 వద్ద సరిగా ఉన్న ముల్లు 40 వద్ద తప్పవచ్చు. వేసవి గాలి కూడా కొలవవలసినవారు మెగ్నీషియం క్లోరైడుతో రెండో పరీక్ష చేయాలి. అది 25 డిగ్రీల వద్ద 33 శాతం దగ్గర నిలుస్తుంది. సిగార్లు నిల్వ చేసేవారికి మాత్రం ఉప్పు చాలు; వారికి కావలసిన అంకె దానికి దగ్గరలోనే ఉంది.

చేయి తిరిగినవారికి ఈ గొడవ ఎందుకని కొందరంటారు. ఆకును పిడికిట పట్టి, ఈనె విరిచి చూసి పదును చెప్పగలవారు మన పల్లెల్లో ఉన్నారు. వారి నేర్పును తక్కువ చేయడం లేదు. నిజానికి హైగ్రోమీటరు చెప్పేది గాలి తేమ. ఆకు తేమ కాదు. గాలి మారిన చాలాసేపటికి గాని మండె లోపలి ఆకు మారదు. ఆ సంగతి చేతికి తెలిసినంతగా ముల్లుకు తెలియదు. కాని తగాదా వచ్చినప్పుడు చేయి సాక్ష్యం చెప్పలేదు. కొనేవాడి చేతికి తడిగా తోచిన ఆకు అమ్మేవాడి చేతికి సరిగ్గానే తోస్తుంది. తేమ ఎక్కువని బేలు తిప్పి పంపితే రానూపోనూ బండి కిరాయి రైతు నెత్తిన పడుతుంది. తిప్పి పంపడానికి ఆధారమైన అంకె సరైనదేనా అని అడిగే హక్కు అతనికి ఉండాలి గదా!

కాస్ట్ అకౌంట్స్ చదివినవారికి సాధారణ నష్టం, అసాధారణ నష్టం అనే తేడా తెలుసు. ఆవిరై పోయే తరుగు మొదటి రకం. దాన్ని ఖర్చులో కలిపి ధర కట్టుకోవచ్చు. నిర్లక్ష్యం వల్ల పోయినది రెండో రకం. దానికి కారణం వెతకాలి, బాధ్యులను అడగాలి. బూజును 'నిల్వ తరుగు' కింద రాసి ముగించడం రెండోదాన్ని మొదటి ఖాతాలోకి నెట్టడమే. ఆ సొమ్ము చివరకు రైతుకిచ్చే ధరలోనే కోత పడుతుంది.

చేయవలసినవి మూడే. ప్రతి గోదాములో హైగ్రోమీటరు పక్కన ఒక కార్డు వేలాడాలి. పరీక్షించిన తేదీ, చూపిన అంకె, ఉన్న తేడా, చేసినవారి సంతకం అందులో ఉండాలి. కనీసం ఏటా రెండుసార్లు, వేసవికి ముందు ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి పరీక్ష జరగాలి. కొనుగోలు జరిగే చోట ఆకు తేమను కొలిచే యంత్రం ఉంటే, దాన్ని ఓవెన్లో ఆరబెట్టి తూచే పద్ధతితో సరిపోల్చిన కాగితం రైతుకు కనబడేట్టు అంటించాలి. 2007 నాటి గిడ్డంగుల చట్టం వచ్చాక గోదాము రసీదు మీద బ్యాంకులు అప్పిస్తున్నాయి. తాకట్టు సరుకు విలువ తేమ మీద ఆధారపడినప్పుడు, ఈ కార్డు చూపమని బ్యాంకు ముందే అడిగితే మిగిలినవారు దారికి వస్తారు.

కాటాకు ముద్ర కావాలని ఒకనాడు పోరాడి సాధించుకున్నాం. తేమకు కావలసింది చారెడు ఉప్పు, ఒక మూత డబ్బా, ఒక రోజు ఓపిక. వచ్చే తొలకరి లోగా గోదాముల వారు ఆ పని చేస్తే వారికే లాభం. చేయనివారిని కార్డు ఏదని అడగడం రైతు పని.