పడవకు మించి పరికరాల భారం

ఆత్రేయపురం: గోదావరిలో వేటకు పడవ ఒక్కటే చాలదు. నైలాను వల, తాళ్లు, బెండ్లు, సీసపు గుళ్లు, ఇంజను, లైఫ్ జాకెట్.. అన్నీ సమకూర్చుకునేసరికి మత్స్యకారుడు అప్పుల పాలవుతున్నాడు. వరదకు ఎదురీదే పులస లభించేది జులై నుంచి సెప్టెంబరు వరకే. ఆ వరదే వలలనూ చింపుతుంది.

గాలపు కర్రలపై పన్నును 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గించినా, ఇక్కడ వేటకు ఆధారం వలే కావడంతో ఊరట అంతంతమాత్రమే. 2020 నాటి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పడవలు, వలలకు రాయితీ 40 శాతం. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. మిగిలినది లబ్ధిదారుడే భరించాలి. 2025లో రూ.20 వేలకు పెంచిన వేట నిషేధ భృతి సముద్ర మత్స్యకారులకే పరిమితం.

సొమ్ము చాలనప్పుడు వల కొనక తప్పదు. వాయిదా పడేది లైఫ్ జాకెట్టే. రాయితీ పడవతోపాటే దానినీ అందిస్తే ప్రాణాలకు భరోసా దక్కుతుంది.