ఫ్లెక్సీలో బంతి ఏదీ?

ఈ వారం అమలాపురం గడియార స్తంభం దగ్గర తలెత్తి చూస్తే అన్నీ పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీలే. వరసగా పిల్లల ముఖాలు, ఒక్కో ముఖం కింద 592, 590, 588. ఆ బిడ్డల కష్టానికి దణ్ణం పెడతాను. కానీ ఆ అమ్మాయి పాడుతుందో లేదో, ఆ అబ్బాయి పరిగెడతాడో లేదో ఎక్కడా రాయలేదు. పదేళ్ల చదువు మూడంకెలై వేలాడుతుంటే నాకు కడుపు మండింది.

మా ఇంటి గోడకి 1978 నాటి పదో తరగతి ఫొటో ఉంది. నేల మీద కూర్చున్న ఇద్దరి మధ్య వాలీబాల్, దాని మీద సున్నంతో రాసిన సంవత్సరం. డ్రిల్లు మాస్టారి మెడలో విజిల్. వార్షికోత్సవ నాటకంలో ఆడవేషం కట్టినవాడు, గోడపత్రికకు ముత్యాల్లా అక్షరాలు దిద్దినవాడు, ఎన్‌సీసీ కవాతులో ముందు నడిచినవాడు... పేరుపేరునా చెప్పగలను. మార్కులు ఒక్కడివీ గుర్తు లేవు.

ఆటలు కూడు పెడతాయా అంటారు. అమలాపురంలో అనాల్సిన మాటేనా అది? బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ ఇక్కడివాడే, వ్యాయామోపాధ్యాయుడి కొడుకు. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చాడు, డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అతనికి చప్పట్లు కొట్టిన చేతులతోనే మన పిల్లాడి రాకెట్ లాక్కుంటున్నాం.

బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. అంతస్తు మీద అంతస్తు లేపిన ప్రైవేటు బళ్లలో అదెక్కడ? స్థలం ఉన్నచోట డ్రిల్లు పీరియడు లెక్కలకు పోతోంది.

అంతటితో ఆగడం లేదు. పరీక్షలైన వారానికే పెట్టె సర్ది బ్రిడ్జి కోర్సు పేరుతో విజయవాడ హాస్టలుకు తోలేస్తున్నాం. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలేసరికి ఊళ్లో ఈత నేర్పే అన్నలూ లేరు, నేర్చుకునే తమ్ముళ్లూ లేరు. గౌతమికీ వసిష్ఠకీ నడుమ పుట్టి ఈత రాకుండా పెరుగుతున్నారు. 2025 మేలో ముమ్మిడివరం ప్రాంతంలో స్నానానికి దిగిన ఎనిమిది మంది కుర్రాళ్లను గోదావరి పొట్టన పెట్టుకుంది. ఏటి ఒడ్డు బడిలో ఈత ఒక పాఠం కాకపోతే ఇంకేది పాఠం?

వచ్చే ఏడు ఫ్లెక్సీ కట్టేవారికి ఒక్క మనవి. మార్కుల కింద ఆ బిడ్డ ఏ ఆట ఆడిందో, ఏ వేషం కట్టిందో రాయండి. రాయడానికి ఏమీ లేకపోతే ఆ తప్పు బిడ్డది కాదు, పెద్దవాళ్లం మనది.