రైలు ఆగితే చాలదన్నా, మన సరుకు ఎక్కాల



అత్తిపట్టు–పుత్తూరు రైలు లైను మాట వచ్చిందంటే మన సత్యవేడు దిక్కు అందరూ అడిగేవి మూడే మాటలు. స్టేషను యాడ వస్తుంది? ఎవరి భూమి పోతుంది? పక్కన ఉండే భూమి ఎంత పలుకుతుంది? టీ అంగడి దగ్గరైనా, పెళ్లి పందిట్లో అయినా ఇవే. "మన సరుకు ఆ రైలు ఎక్కుతుందా?" అని అడిగినోడిని మాత్రం నేను చూడలేదు. ఈ రోజు దాని గురించే రాస్తా ఉండా. కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందు లైను సంగతి. అత్తిపట్టు నుంచి పుత్తూరుకు 88 కిలోమీటర్లు. 2008-09లో మంజూరైంది. ఇన్నేళ్లకూ మన దాపున ఒక్క పట్టా పడలేదు. అత్తిపట్టు ఎక్కడుందో చూడండి, ఎన్నూరు హార్బరు పక్కన. అక్కడి నుంచి పుత్తూరుకు గీత గీస్తే ఊత్తుకోట, నాగలాపురం దిక్కుగా మన దాపునే పోతుంది. హార్బరులో దిగే సరుకు మద్రాసు ఊర్లో చిక్కుకోకుండా రేణిగుంట వైపు నేరుగా పోవాలంటే ఇది మంచి దారి. అంటే ఈ లైను ముఖ్యంగా సరుకు కోసమే. సరే, బాగానే ఉండాది. అయితే ఎవరి సరుకు?

రైలుకు మొదట్నించీ సరుకే ముఖ్యం. మనకు దగ్గర్లో ఉండే రెడ్‌హిల్స్ నుంచి 1837లో మద్రాసుకు ఇనుప పట్టాల మీద బండ్లు నడిపినారు. మన దేశంలో మొదటి రైలు దారి అదే అంటారు. అందులో ఎక్కింది మనుషులు కాదు, రోడ్లు వేసేదానికి రాళ్లు. తర్వాత 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా దాకా దక్షిణాదిలో మొదటి పాసింజరు రైలు నడిచింది. రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా పోయిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది.

ఆ తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. మన పెద్దోళ్లు వాళ్ల పెద్దోళ్ల దగ్గర విన్న కరువు అది. లక్షల మంది పోయినారు. కరువు సీమకు గింజలు చేరాలంటే రైళ్లు వేయాలని 1880లో కరువు కమిషన్ చెప్పింది. కానీ ఇంకో సంగతి కూడా మనం గుర్తుంచుకోవాల. అదే కరువులో ఈ దేశం నుంచి గింజలు ఓడలెక్కి సీమకు పోతానే ఉన్నాయి. రైలు గింజలు తెచ్చింది, రైలే గింజలు తీసకపోయింది. పట్టా దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దాని మీద సరుకు ఎవరు ఎక్కిస్తారు, ఎవరి లెక్కకు ఎక్కిస్తారు అనేదే అసలు సంగతి.

ఇప్పుడు పాకాల కథ చెప్తాను. మనలో చానామంది తిరుపతి నుంచి కాట్పాడి పోయేటప్పుడు కిటికీలోంచి చూసిన ఊరే.

1891-92లో దక్షిణ ఇండియా రైల్వే వాళ్లు విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా ధర్మవరం దాకా మీటర్ గేజ్ లైను తెరిచినారు. తిరుపతి వైపు నుంచి వచ్చే లైను కూడా పాకాలలోనే కలిసింది. అట్ల ఒక మామూలు ఊరు మూడు దారుల జంక్షన్ అయింది. ఆవిరి ఇంజన్ల కాలం అది. ఇంజనుకు నీళ్లు పట్టాల, బొగ్గు వేయాల, డ్రైవర్లు మారాల. జంక్షన్ అంటే రైలోళ్ల ఇండ్లు, హోటళ్లు, మండీలు, హమాలీలు, బండ్లోళ్లు. పాకాల దాటితే దామలచెరువు, పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి. అంతా మెట్ట సీమ. చెనిక్కాయలు, బెల్లం, చింతపండు, మామిడి పండే సీమ. ఎద్దుల బండి మీద స్టేషను దాకా తెస్తే చాలు, అక్కడ్నించి సరుకుకు దూరం అనేది లేదు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ కాలంలో చిన్నోడి సరుకు కూడా రైలు ఎక్కేది. పది బస్తాలున్నా స్టేషను గూడ్స్ షెడ్డులో బుక్ చేయొచ్చు. ఒక వ్యాగన్ నిండేంత ఉంటే ఆ ఒక్క వ్యాగన్ వేరే బుక్ చేసుకోవచ్చు. ఆ వ్యాగన్‌ను పోయే గూడ్సు బండికి తగిలించి తీసకపోయేవాళ్లు. ఆలస్యమయ్యేది, దొంగతనాలు జరిగేవి, గేజ్ మారే చోట సరుకు దించి మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. అన్నీ నిజమే. అయినా రైతుకు, చిన్న వ్యాపారికి ఒక దారి ఉండేది.

మరి ఆ దారి ఎట్ల మూసుకుపోయింది? లారీలు వచ్చినాయి, రైలు ఓడిపోయింది అని అందరూ చెప్తారు. అది సగమే. మిగతా సగం రైల్వే తీసుకున్న నిర్ణయం. 1980ల నుంచి రైల్వే చిల్లర సరుకు వద్దనుకుంది. బస్తాలు, విడి వ్యాగన్లు మెల్లమెల్లగా ఆపేసి, నిండు రేక్ అయితేనే రమ్మనింది. రేక్ అంటే తెలుసు గదా, 40కి పైగా వ్యాగన్లు. రెండున్నర వేల టన్నుల సరుకు. పది చక్రాల లారీలతో లెక్క వేస్తే సుమారు నూటయాభై లారీలు. బొగ్గు, సిమెంటు, ఇనుప రాయి, ఎరువులు, ఎఫ్‌సీఐ బియ్యం అయితే రేక్ నిండుతుంది. రెండెకరాల రైతు చెనిక్కాయలతో నిండుతుందా? చిన్న స్టేషన్లలో గూడ్స్ షెడ్లు ఒక్కొక్కటీ మూతపడినాయి. రైల్వే వైపు నుంచి చూస్తే అది లాభమైన లెక్కే, కాదనను. ఆ లెక్కలో మనం లేము, అంతే.

తర్వాత మీటర్ గేజ్ తీసి బ్రాడ్ గేజ్ వేసినారు. పాకాల–ధర్మవరం లైనులో ఆ పని 2010 ప్రాంతంలో పూర్తయింది. పని జరిగినన్నాళ్లు రైళ్లు లేవు. మళ్లీ రైలు వచ్చేసరికి సరుకు అలవాటు మారిపోయింది. ఇప్పుడు పాకాలలో రైళ్లు ఆగుతాయి, బోర్డు మీద జంక్షన్ అని పేరుంది. పక్కనే దామలచెరువులో అంత పెద్ద మామిడి మార్కెట్ ఉంది. సీజన్లో ఆ కాయ ఎక్కేది మాత్రం లారీ. రైలు ఊర్లో ఉంది, రైలుకూ పంటకూ సంబంధం తెగింది.

దీనివల్ల మనకేం నష్టం అంటారా? 2025 తోతాపురి సీజన్ గుర్తు చేసుకోండి. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల బారు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని చెప్పాల్సి వచ్చింది. తోతాపురి రైలెక్కితే సమస్య తీరిపోతుందని నేను అనడం లేదు, అది జ్యూసుకు పోయే కాయ. నేను చెప్పేది ఒకటే. కొనేవాళ్లు కొద్దిమంది, పోయే దారి ఒకటే అయితే ధర మన చేతిలో ఉండదు. వంకాయ అయినా, పూలు అయినా, పుచ్చకాయ అయినా మనకు మద్రాసు తప్ప వేరే దిక్కు లేదు. ఆ రోజు అక్కడ సరుకు ఎక్కువొస్తే మన సరుకు ఊరికే పోతుంది. రెండో దారి లేనోడికి బేరం ఉండదన్నా.

ఇది మన ఒక్క సీమ కథ కాదు. మన పిల్లోళ్లు చానామంది ఉండే టెక్సాస్ సంగతి చూడండి. 1854లో అక్కడ ఒక చట్టం చేసినారు. ఒక మైలు పట్టా వేసిన కంపెనీకి 16 సెక్షన్ల ప్రభుత్వ భూమి. సెక్షన్ అంటే 640 ఎకరాలు. అంటే మైలుకు 10,240 ఎకరాలు! 1882లో ఆపేసేదాకా కోట్ల ఎకరాలు అట్ల పోయినాయి. రైలు కంపెనీలు పట్టా పక్కనే ఊర్లకు ప్లాట్లు వేసి అమ్ముకున్నాయి. స్టేషను పక్కన పత్తి జిన్నింగ్ మిల్లు, ధాన్యం గోడౌన్లు, బ్యాంకు, చర్చి. అట్ల ఊర్లు పుట్టినాయి. తర్వాత పెద్ద రోడ్లు, కార్లు వచ్చినాయి, పాసింజరు రైళ్లు ఆగిపోయినాయి, చిన్న ఊర్లు ఎన్నో చిక్కిపోయినాయి. అయితే అక్కడి రైతులు ఒక పని చేసినారు. చానా చోట్ల సహకార సంఘాలు పెట్టుకొని సొంతంగా జిన్నింగ్ మిల్లులు, ధాన్యం గోడౌన్లు కట్టుకున్నారు. ఒక్కో రైతు గింజ చిన్నదే, గోడౌన్లో కలిస్తే వ్యాగన్ నిండుతుంది. వాళ్లకూ మనకూ తేడా ఏమంటే, అక్కడ రైలుకు పోయింది ప్రభుత్వ భూమి. ఇక్కడ పోయేది మన పట్టా భూమి. అట్లాంటప్పుడు మనం ఇంకా గట్టిగా అడగాల.

మన దగ్గర సాధ్యమా అంటారేమో. సాధ్యమే. రేణిగుంట పాల రైలు చూడండి. చిత్తూరు సీమ పాలు రేణిగుంటలో ట్యాంకర్లకెక్కి ఢిల్లీకి పోతాయి. ఒక్కో ట్యాంకరు 40 వేల లీటర్లు. ముందు మామూలు రైళ్లకు తగిలించి పంపేవాళ్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే పాల కోసమే దూద్ దురంతో అని వేరే రైలు నడిపినారు. 40 వేల లీటర్లు పిండే ఆవు ఉందా? మూడు లీటర్లు, ఐదు లీటర్లు పోసే వాళ్ల పాలే అవి. ఊర్లో సెంటరు, చల్లబరిచే యంత్రం, ట్యాంకరు, రైలు. ఈ వరస కుదిరింది కాబట్టి మన ఆవు పాలు రెండు వేల కిలోమీటర్లు పోతా ఉండాయి.

అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. దక్షిణ భారతంలో మొదటిది. పండ్లు, కూరగాయలకు రవాణా ఖర్చులో సగం సబ్సిడీ ఇచ్చినారు. అందులో నిండు రేక్ అక్కర్లేదు, తక్కువ సరుకున్నా తీసుకున్నారు. అంటే రైల్వే తలుచుకుంటే చిన్నోడి సరుకు ఎక్కించుకోగలదు. సబ్సిడీ ఆగినాక ఆ రైళ్ల మాట కూడా తగ్గిపోయింది. అది వేరే పోస్టుకు సరిపడే సంగతి.

"రైలు వస్తే పిల్లోళ్లు కాలేజీకి పోతారు, శ్రీసిటీ పనులకు పోతారు, ముసిలోళ్లు ఆసుపత్రికి పోతారు, అది చాలదా?" అని కొందరు అంటారు. అది కావాలి, తప్పకుండా కావాలి. కానీ పట్టా కోసం భూమి ఇచ్చేది రైతు. పోయేదానికి మాత్రమే రైలు ఉండి, పండించినది అమ్ముకునేదానికి లేకపోతే, పిల్లోళ్లు పోవడమే మిగులుతుంది.

మనకు దీని రుచి కొత్త కాదు. కండలేరు నుంచి పూండికి పోయే తెలుగుగంగ కాలువ చూడండి. మన సీమ మీదుగా పోయి ఊత్తుకోట దగ్గర తమిళనాడులోకి దిగుతుంది. మద్రాసు దాహం తీరాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ గట్టు మీద నిలబడి నీళ్లు పోతా ఉంటే చూసే రైతులు మనలో ఎంతమంది ఉన్నారు? మన సత్యవేడు ఎప్పుడూ అంచునే. 1960 ఏప్రిల్ దాకా చెంగల్పట్టు జిల్లా, తర్వాత చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. అంచున ఉండేవాళ్లు నోరు తెరవకపోతే మీద నుంచి పోయేవే ఎక్కువ, ఆగేవి తక్కువ.

అందుకే లైను పని మన దాకా రాకముందే మనం అడగాల్సినవి రాస్తా ఉండా.

1. మన దాపున ఒక్క స్టేషనులో అయినా గూడ్స్ ప్లాట్‌ఫారం, లారీ తిరిగే జాగా, చల్లటి గిడ్డంగి ప్లానులోనే ఉండాల. తర్వాత చూస్తాం అంటే తర్వాత రాదు.

2. శ్రీసిటీ కంపెనీల సరుకు కోసం గూడ్సు బండ్లు నడిస్తే, వాటికి కూరగాయలు, పండ్ల వ్యాగన్లు రెండు మూడు తగిలించే ఏర్పాటు అడగాల. రేక్ నింపే బరువు వాళ్లది, పక్కన చోటు మనది.

3. కట్ట వేసేటప్పుడు వంకలు, చెరువు కాలువలు మూసుకుపోకూడదు. ఆరణియార్ దిక్కు చెరువులన్నీ పై నీళ్ల మీదే ఆధారం. తూము చిన్నదైతే పైన కయ్యలు మునుగుతాయి, కింద చెరువు ఎండుతుంది. ట్రాక్టరు, వరి కోత మిషన్ పట్టేంత దారులు కట్ట కింద ఉండాల, అందులో నీళ్లు నిలవకూడదు.

4. భూమి పోయే రైతులు 2013 చట్టం చదివించుకోండి. పల్లె భూమికి మార్కెట్ విలువ మీద గుణకం వేసి, దాని మీద నూటికి నూరు సొలేషియం ఇవ్వాల. ఆ మార్కెట్ విలువ కాగితాల్లో ఉండే లెక్కను బట్టి వస్తుంది. ఇప్పుడు మీ ఊర్లో తక్కువ చూపించి చేసే ప్రతి రిజిస్ట్రేషను రేపు అందరి పరిహారాన్ని తగ్గిస్తుంది.

5. ఇది మన పని. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉన్న ఊర్లు కలవాల, లేని ఊర్లు పెట్టుకోవాల. సరుకు కూడబెట్టే చోటు లేకుండా రైలును తప్పు పట్టి లాభం లేదు. పాల సెంటరు ఎట్ల నడుస్తుందో అట్ల కూరగాయల సెంటరు నడవాల.

స్టేషను వస్తే ఊరికి పేరొస్తుంది. సరుకెక్కే ప్లాట్‌ఫారం ఉంటేనే ఊరికి అన్నం. పాకాలకు పేరు ఇంకా ఉండాది, మనకు రెండూ కావాల. వచ్చే గ్రామసభలో ఈ ఐదింటినీ కాగితం మీద రాసి ఇవ్వండి, తీర్మానంలో ఎక్కించమని అడగండి.

మీ ఊరి నుంచి ఏ పంట, ఏ నెలలో, సుమారు ఎన్ని టన్నులు బయటికి పోతుందో కింద రాయండి. వరదయ్యపాళెం, నాగలాపురం, పిచ్చాటూరు వాళ్లు కూడా రాయాల. అన్నీ కలిపి లెక్క కడదాం. లెక్క చేతిలో ఉంటే అడిగే నోటికి బలం వస్తుంది.