చట్టం ముందు, ఓటు తర్వాత

టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు కొలువు చాలించి హైదరాబాద్ వచ్చి స్థిరపడినా, అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. విదేశాల్లో ఉన్న పౌరులకు ఫెడరల్ చట్టం ఆ హక్కును కాపాడుతోంది. అదే మనిషి హైదరాబాద్‌కు బదులు అమెరికా ఏలుబడిలోనే ఉన్న ప్యూర్టోరికో ద్వీప రాజధాని శాన్ హువాన్‌లో ఇల్లు కొనుక్కుని కాపురం పెడితే ఆ ఓటు పోతుంది. అమెరికా జెండా ఎగిరే గడ్డ మీద, అమెరికా డాలరే చెల్లే ఊళ్లో, అమెరికా పౌరుడికి ఓటు లేదు. ఆ ద్వీపంలోనే పుట్టి అక్కడే బతుకుతున్న 32 లక్షల మంది సంగతీ ఇదే. 1917 చట్టంతో వాళ్లు అమెరికా పౌరులయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలు అమెరికా చేసిన ప్రతి పెద్ద యుద్ధంలోనూ ప్రాణాలిచ్చారు. అయినా సెనేట్‌లో ఒక్క స్థానం లేదు. ప్రతినిధుల సభకు ఒకరిని పంపుతారు గానీ, బిల్లుల మీద తుది ఓటింగ్‌లో ఆ ప్రతినిధికి ఓటు ఉండదు. మన అండమాన్ నుంచో లక్షద్వీప్ నుంచో లోక్‌సభకు వెళ్లే సభ్యుడికి ఉన్న అధికారం కూడా ఆ ప్రతినిధికి లేదు.

రాష్ట్ర హోదా, స్వాతంత్ర్యం, ఉన్నది ఉన్నట్టు కొనసాగడం లాంటి దారుల మీద ఆ ప్రజలను ఇప్పటికి ఏడుసార్లు అడిగారు: 1967, 1993, 1998, 2012, 2017, 2020, 2024. జవాబు ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. 1967లో 60 శాతం మంది ఉన్న హోదానే కోరుకున్నారు. 1998లో సగానికి పైగా ఓటర్లు ‘పైవేవీ కావు’ అన్న గడిని ఎంచుకున్నారు. 2017లో ప్రతిపక్షాలు బహిష్కరించగా 23 శాతం మందే ఓటు వేశారు; అందులో 97 శాతం రాష్ట్ర హోదాకు పడింది. 2020లో 52 శాతం రాష్ట్ర హోదాకు అవునన్నారు. ఈ అంకెలు చూపించి ‘ద్వీపవాసులకే స్పష్టత లేదు, ముందు వాళ్లు తేల్చుకోనీ’ అని వాషింగ్టన్ తప్పించుకుంటోంది. ఈ వాదన అన్యాయం. ఆ ఏడింటిలో ఒక్కదాని ఫలితానికీ అమెరికా కాంగ్రెస్ కట్టుబడలేదు. రాష్ట్రమైతే పన్నులు ఎలా మారతాయో, విడిపోతే పౌరసత్వం ఏమవుతుందో, పింఛన్లు ఎవరిస్తారో ఓటుకు ముందు చెప్పనే లేదు. రేటు చెప్పకుండా సరుకు ఎంచుకోమంటే ఎవరు ఎంచుకోగలరు?

కాంగ్రెస్‌కు ఇది చేతకాని పనేమీ కాదు. ప్యూర్టోరికో అమెరికా చేతికి వచ్చిన 1898లోనే హవాయి కూడా వచ్చింది. స్పెయిన్‌తో యుద్ధం ముగిశాక ప్యూర్టోరికోతో పాటు ఫిలిప్పీన్స్ కూడా వచ్చింది. హవాయి విషయంలో కాంగ్రెస్ 1959 మార్చిలో ముందుగా చట్టం చేసింది. జూన్‌లో ప్రజలు ఓటు వేశారు, 90 శాతానికి పైగా అవునన్నారు. ఆగస్టులో రాష్ట్రం ఏర్పడింది. ఫిలిప్పీన్స్‌కు 1934లో చట్టం చేసి, పదేళ్ల సంధికాలం పెట్టి, మధ్యలో జపాన్ ఆక్రమణ వచ్చిపడినా 1946 జులై 4న స్వాతంత్ర్యం ఇచ్చింది. ఒకరికి రాష్ట్ర హోదా, ఇంకొకరికి స్వాతంత్ర్యం. రెండు చోట్లా చట్టం ముందు వచ్చింది, ప్రజల ఓటు తర్వాత వచ్చింది. ప్యూర్టోరికోలో మాత్రం 125 ఏళ్లు దాటినా ఓట్లే జరుగుతున్నాయి, చట్టం రావడం లేదు.

యథాతథ స్థితి అంటే ఏమిటో ఎవరికైనా అనుమానముంటే 2016 జూన్ నెల చూస్తే చాలు. 1952లో ద్వీపం సొంత రాజ్యాంగం రాసుకుంది, ‘కామన్వెల్త్’ అనిపించుకుంది. మరుసటి ఏడాదే, ఇక అది స్వపరిపాలన ప్రాంతమని ఐక్యరాజ్యసమితిని అమెరికా ఒప్పించింది. అరవై ఏళ్లు ఆ నమ్మకం మీదే ఒక తరం రాజకీయం నడిచింది. 2016 జూన్ 9న సుప్రీంకోర్టు ఆ నమ్మకాన్ని కూల్చేసింది: ద్వీపం అధికారానికి అసలు మూలం కాంగ్రెసేననీ, కాబట్టి ఒకే నేరానికి ఫెడరల్ ప్రభుత్వం, ద్వీప ప్రభుత్వం వేర్వేరు సార్వభౌమాధికారుల్లా విడివిడిగా శిక్షించడం కుదరదనీ తీర్పు చెప్పింది. నాలుగు రోజుల తర్వాత ఇంకో తీర్పు. అప్పులు తీర్చలేకపోతున్న ప్రభుత్వ సంస్థల కోసం ద్వీపం సొంతంగా చేసుకున్న దివాలా చట్టం చెల్లదంది. డెట్రాయిట్ నగరం 2013లో దివాలా కోర్టుకు వెళ్లగలిగింది. ప్యూర్టోరికోకు ఆ తలుపును కాంగ్రెస్ 1984లోనే మూసేసింది. అంటే ఫెడరల్ దివాలా చట్టం వర్తించదు, సొంత చట్టం చేసుకునే వీలూ లేదు. నెలాఖరున, జూన్ 30న, అధ్యక్షుడు ఒబామా ఇంకో చట్టంపై సంతకం చేశారు. 70 బిలియన్ డాలర్లు దాటిన అప్పును సరిదిద్దడానికి ఏడుగురు సభ్యుల ఆర్థిక పర్యవేక్షణ బోర్డు వచ్చింది. ద్వీపవాసులు దాన్ని ‘లా హుంటా’ అంటారు. ఆ ఏడుగురిని వాళ్లు ఎన్నుకోలేదు. ఎన్నికైన గవర్నర్‌కు అందులో కుర్చీ ఉంది, ఓటు లేదు. బోర్డు ఖర్చు మాత్రం ద్వీపమే భరించాలి. బడ్జెట్ మీద ఆఖరి మాట బోర్డుదే. విశ్వవిద్యాలయానికి ఇచ్చే నిధులకు పడిన భారీ కోత మొదట తగిలింది విద్యార్థులకే.

అప్పు ఎలా పేరుకుందన్నదీ ఈ కథలో భాగమే. అమెరికా కంపెనీలకు ద్వీపంలో ఇచ్చిన ఫెడరల్ పన్ను మినహాయింపు వల్ల మందుల ఫ్యాక్టరీలు వరుసకట్టి వచ్చాయి. 1996లో కాంగ్రెస్ దాన్ని ఎత్తేయాలని నిర్ణయించి, పదేళ్లలో పూర్తిగా తీసేసింది. 2006లో మినహాయింపు ముగిసింది. మాంద్యం అదే ఏడాది మొదలైంది. ఆ నిర్ణయం మీద ఓటు వేసే హక్కు ద్వీపానికి లేదు. తప్పులు స్థానిక నాయకులవీ ఉన్నాయి. లోటును బాండ్లతో పూడ్చుకుంటూ పోవడం వాళ్ల నిర్వాకమే. అయితే ఆ బాండ్లకు ఫెడరల్, రాష్ట్ర, స్థానిక పన్నులు మూడూ ఉండవని చెప్పి వాల్‌స్ట్రీట్‌కు ఎరవేసింది ప్రాదేశిక హోదాయే.

న్యూయార్క్‌లో ఉండగా వికలాంగుల ఫెడరల్ సాయం అందుకున్న ఒకాయన 2013లో ద్వీపానికి తిరిగి వచ్చారు. ఆ తర్వాత అందిన సొమ్ము 28 వేల డాలర్లకు పైగా వెనక్కి కట్టమని ప్రభుత్వం దావా వేసింది. 2022లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో ద్వీపవాసులకు ఆ సాయం ఇవ్వకపోవడం రాజ్యాంగబద్ధమే అంది. అసమ్మతి తెలిపిన ఒక్క న్యాయమూర్తి సోనియా సోటోమయోర్. ఆమె తల్లిదండ్రులు ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్లే. తీర్పుతో ఏకీభవించిన జస్టిస్ గోర్సచ్ సైతం, ద్వీపాలకు రాజ్యాంగం పూర్తిగా వర్తించదంటూ 1901 నుంచి వచ్చిన పాత తీర్పులను కొట్టేయాల్సిన సమయం వచ్చిందని రాశారు. విపత్తు వేళా ఇదే తీరు. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను వచ్చింది. మొదట అధికారిక మృతులు 64 మంది అన్నారు. దాదాపు ఏడాది తర్వాత ఆ సంఖ్యను 2,975గా సవరించారు. అమెరికా రేవుల మధ్య సరుకును అమెరికా ఓడలే మోయాలన్న 1920 నాటి చట్టాన్ని ఆ విపత్తులో సడలించింది పది రోజులు మాత్రమే. కరెంటు అందరికీ తిరిగి రావడానికి సుమారు ఏడాది పట్టింది. 2010లో 37 లక్షలున్న జనాభా 2020 నాటికి 33 లక్షలకు పడిపోయింది. ఓటు లేనివాళ్లు విమానమెక్కి వెళ్లిపోతున్నారు. ఫ్లోరిడాలో దిగి ఓటరుగా నమోదైన రోజున వాళ్లు మళ్లీ పూర్తి పౌరులవుతున్నారు.

ఇలాంటి స్థితిని ‘ఎంపిక’గా బ్యాలెట్ మీద పెట్టడమే తప్పని నా అభిప్రాయం. మిగిలిన పెద్ద దారులు రెండు. రాష్ట్ర హోదా హక్కుల రీత్యా సూటైన దారి: ఇద్దరు సెనేటర్లు, ప్రతినిధుల సభలో నలుగురి దాకా సభ్యులు, పూర్తి సంక్షేమం, దానితో పాటే ఫెడరల్ ఆదాయ పన్ను. కొత్త సెనేటర్లు డెమోక్రాట్లే అవుతారన్న రిపబ్లికన్ల భయం దీనికి పెద్ద అడ్డు. 1959లో అలాస్కా డెమోక్రాట్లదనీ హవాయి రిపబ్లికన్లదనీ లెక్కలు వేశారు, రెండూ తలకిందులయ్యాయి. ఇప్పటి గవర్నర్, రాష్ట్ర హోదా పార్టీ నాయకురాలు జెనిఫర్ గొన్జాలెస్ రిపబ్లికనే. ప్రజల హక్కును రాబోయే ఎన్నికల లెక్కతో తూచడం సిగ్గుచేటు. అయితే హవాయి నుంచి నేర్చుకోవాల్సిన ఇంకో పాఠం ఉంది. అక్కడి మూలవాసులు తమ నేల మీదే మైనారిటీ అయ్యారు. బయటి నుంచి వచ్చి స్థిరపడే ధనికులకు 2012 నుంచి ప్యూర్టోరికో ఇస్తున్న పన్ను రాయితీ స్థానికులకు దక్కదు. ఇళ్ల ధరలు మాత్రం స్థానికులు కట్టాలి. స్పానిష్‌లో చదువుకుని స్పానిష్‌లో బతికే జనం తమ భాషకు హామీ అడగడంలో తప్పేముంది?

రెండో దారి స్వాతంత్ర్యం. స్వాతంత్ర్యవాదం బలహీనమని కొట్టిపారేసేవాళ్లు దాన్ని ఎలా అణిచారో మరచిపోతారు. 1937లో పోన్సేలో నిరాయుధ ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే 19 మంది చనిపోయారు. 1948 నుంచి 1957 దాకా సొంత జెండా ఎగరేయడం కూడా నేరంగా ఉండేది. అయినా 2024 గవర్నర్ ఎన్నికలో స్వాతంత్ర్య పార్టీ అభ్యర్థి హువాన్ దాల్మావ్ రెండో స్థానంలో నిలిచారు. జనాన్ని వెనక్కి లాగుతున్నది పౌరసత్వం భయం, ఆ భయానికి కారణమూ ఉంది. 1934 చట్టంతో ఫిలిప్పీన్స్ ప్రజలను అమెరికా రాత్రికి రాత్రే పరాయివాళ్లుగా లెక్కగట్టి, ఏడాదికి 50 మందికే వలస అనుమతి ఇచ్చింది. షరతులు ముందే కాగితం మీద ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. పలావు, మార్షల్ దీవుల తరహాలో సార్వభౌమ దేశంగా ఉంటూ ఒప్పందంతో అమెరికాకు అనుబంధంగా సాగే దారికి 2024లో దాదాపు 30 శాతం ఓట్లు పడ్డాయి. దాన్నీ గట్టిగా పరిశీలించాలి.

ఇందుకు ముసాయిదా ఎప్పుడో సిద్ధమైంది. 2022 డిసెంబరు 15న ప్రతినిధుల సభ 233-191 ఓట్లతో ఒక బిల్లు ఆమోదించింది. దాని ప్రకారం రాష్ట్ర హోదా, స్వాతంత్ర్యం, అనుబంధ సార్వభౌమత్వం మాత్రమే బ్యాలెట్ మీద ఉంటాయి. ఫలితానికి కాంగ్రెస్ కట్టుబడుతుంది. ఆ సభలో రాష్ట్ర హోదా కోరే గొన్జాలెస్ (అప్పటి ద్వీప ప్రతినిధి), డారెన్ సోటో ఒకవైపు, ద్వీపమే నిర్ణయించుకోవాలనే నీడియా వెలాస్కెస్, అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ ఇంకోవైపు ఉండి, ఏళ్ల తరబడి పోటీ బిల్లులు పెట్టుకున్నవాళ్లు ఒకచోట కూర్చుని రాసిన రాజీ అది. సెనేట్ దాన్ని చర్చకే తీసుకోలేదు. ‘ముందు వాళ్లు ఒక మాట మీదికి రానీ’ అనే సెనేటర్లకు, ఆ ఒక్క మాట మీదికి వచ్చిన కాగితం 2022లోనే అందింది.