విమానముల పొగయు, సంస్థల లెక్కయు

ఒక కిలోగ్రాము విమాన ఇంధనము మండినచో సుమారు 3.16 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. మండినదానికంటె వెలువడినది బరువెక్కువ యగుట ఎట్లని మా పాఠకులలో చిన్న తరగతులవారు అడుగవచ్చును. ఇంధనములోని కర్బనముతో గాలిలోని ప్రాణవాయువు వచ్చి కలియుటయే అందులకు కారణము. కావున ఏ విమాన సంస్థయైనను తాను ప్రకృతికి మేలు చేయుచున్నానని చాటినప్పుడు, "ఎంత ఇంధనము మండించుట మానితివి?" అని అడుగుటయే మనము చేయదగిన మొదటి పని యని మా అభిప్రాయము.

ఇంధనము తగ్గించుటలో సంస్థలు చూపిన నేర్పు మెచ్చదగినదే. వాని ఖర్చులలో ఇంధనము పెద్ద పద్దు గనుక ఇచ్చట లోభమే సత్కార్యమునకు పురికొల్పుచున్నది. విమానమునకు బరువు శత్రువు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వైమానికులు పటములతోను, నియమ గ్రంథములతోను నిండిన సుమారు 16 కిలోగ్రాముల సంచిని వెంట మోసికొని పోవుచుండెడివారు. 2013 నాటికి ఆ కాగితములన్నియు పలకవంటి చిన్న కంప్యూటరులోనికి చేరినవి. దానివలన ఏటా 4 లక్షల గ్యాలనుల ఇంధనము మిగులునని ఆ సంస్థ లెక్కగట్టినది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2018లో తన విమానములలోని పత్రికను పలుచని కాగితముపై అచ్చు వేయించి, ప్రతి యొక్కంటికి ఒక ఔన్సు బరువు తగ్గించి, సాలుకు 1,70,000 గ్యాలనులు ఆదా యగునని ప్రకటించినది. (మా పత్రిక కాగితము పలుచనగుటకు కారణము వేరు, అది మా నిధుల పలుచదనము.)

రెక్క కొన యొద్ద క్రింది గాలి పైకి సుడి తిరిగి విమానమును వెనుకకు లాగును. ఆ కొనను తగిన రీతిని పైకి వంచినచో ఆ సుడి బలము తగ్గును. అమెరికాలోని నాసా సంస్థలో రిచర్డ్ విట్కంబ్ అను శాస్త్రజ్ఞుడు 1970 దశకమున ఈ విషయమును పరిశోధించి నిరూపించెను. నేడు బెంగుళూరులో దిగు విమానములలో పెక్కింటికి ఈ వంపు కనబడును. విద్యార్థులు ఈసారి గమనింపవలెను. యంత్రములును మారినవి. 2016లో ఇండిగో సంస్థ తెచ్చుకొన్న ఎయిర్‌బస్ ఎ320 నియో విమానము పాత రకముకంటె సుమారు 15 శాతము తక్కువ ఇంధనము త్రాగును. నేలపై నడచునపుడు ఒక యంత్రమునే త్రిప్పుట, దిగునపుడు మెట్లుమెట్లుగా గాక ఒకే వాలున దిగుట మొదలగు చిన్న ఉపాయములు మరికొన్ని కలవు.

వీని ఫలమేమి? 1990తో పోల్చినచో ఒక ప్రయాణికుని ఒక కిలోమీటరు దూరము చేర్చుటకగు ఇంధనము సగమునకు పైగా తగ్గినది. ఇది సామాన్య విజయము గాదు. అయినను ఆ యేట సుమారు 100 కోట్లుగా నున్న ప్రయాణికుల సంఖ్య 2019 నాటికి 450 కోట్లకు పెరుగుటచే మొత్తము వాయువు ఇంచుమించు రెండింతలైనది. వత్తులు సన్నము చేసి, దీపముల సంఖ్యను నాలుగింతలు పెంచిన ఇంట నూనె మిగులునా? ఒక అంచనా ప్రకారము 2018లో ప్రపంచ జనులలో విమానమెక్కినవారు నూటికి 11 మందియే. ఎండలు ముదిరి వానలు అదను తప్పినపుడు కలుగు నష్టము తక్కినవారికిని తప్పదు. మా విద్యార్థుల తలిదండ్రులలో రాగి, వేరుసెనగ పండించువారు అనేకులు. వారిలో విమానము లోపలి భాగమును చూచినవారు బహు కొలదిమంది.

నూనెగింజలు, వ్యర్థపు కొవ్వులు మొదలగువాని నుండి తీసిన ఇంధనముపై సంస్థలు గొప్ప ఆశ పెట్టుకొన్నవి. 2018 ఆగస్టు 27న స్పైస్‌జెట్ విమానమొకటి అడవి ఆముదపు గింజల నూనెతో చేసిన ఇంధనమును కొంత కలుపుకొని డెహ్రాడూను నుండి ఢిల్లీకి ఎగిరినది. ఆ యింధనమును డెహ్రాడూనులోని భారత పెట్రోలియం సంస్థ శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. 2023 నవంబరు 28న వర్జిన్ అట్లాంటిక్ విమానము ఇట్టి ఇంధనముతోనే లండను నుండి న్యూయార్కునకు చేరినది. సంతోషమే. కాని 2024లో ప్రపంచమున తయారైన విమాన ఇంధనములో దీని పాలు సుమారు 0.3 శాతము మాత్రమే. వెలయు ఎక్కువ. పైగా, అడవి ఆముదమును నమ్మి 2000 దశకమున నాటిన రైతులలో పలువురికి ఆశించిన దిగుబడి రాలేదు. తిండిగింజల నేలను విమానముల కప్పగింపుమని రేపెవరైనను అడిగినచో మన రైతులు ముందుగా లెక్క చూపుమనవలెను.

ఇక చెట్లు నాటుటకు కొంత రుసుము చెల్లించిన, ప్రయాణికుని పొగ మాసిపోవునను పద్ధతి మాకు రుచింపదు. చెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. పొగ నేడే లేచును. డచ్చి సంస్థయగు కె.ఎల్.ఎం. ఇట్టి మాటలతో చేసిన ప్రకటనలు ప్రజలను తప్పుదారి పట్టించినవని 2024 మార్చిలో ఆంస్టర్‌డాం న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఫ్రాన్సు దేశము 2023లో, రైలున రెండున్నర గంటలలో చేరగల కొన్ని మార్గములందు విమానములనే నిషేధించినది. మనకిది వెంటనే పొసగునది గాదు. అదే సంవత్సరము కాచిగూడ, యశవంతపురముల నడుమ ప్రారంభమైన వందే భారత్ రైలునకే సుమారు ఎనిమిదిన్నర గంటలు పట్టును. మంచి రైళ్లు లేనిచోట విమానమెక్కువానిని నిందించుట న్యాయము గాదు.

అయితే లెక్కను తెలిసికొను హక్కు అందరికిని కలదు. ఐరోపా సమాఖ్య 2025లో, ప్రయాణమున వెలువడు వాయువును తెలుపు పట్టికను సంస్థలు ఇష్టమున్నచో పొందు ఏర్పాటు చేసినది. మన దేశమున ఇష్టాయిష్టములతో పనిలేకుండ, ప్రతి టిక్కెట్టుపైనను వెల ప్రక్కనే, ఒక్కొక్క ప్రయాణికుని వంతునకు మండు ఇంధనమెంతయో అచ్చు వేయవలెనని మేము కోరుచున్నాము. కిలోగ్రాములలో వేసిన చాలును, దానిని 3.16తో గుణించుట మా ఎనిమిదవ తరగతి విద్యార్థులకు వచ్చును.