రైలుకట్టకు ఆవల రసాయనశాల

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో సమాసములను గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి మమ్ము ఒక ప్రశ్న అడిగెను. "సార్, మా నాన్న దగ్గర ఉన్న పాత పుస్తకంలో ఆక్సిజన్‌ను ఆమ్లజని అన్నారు. ఆమ్లం అంటే పులుపు కదా. గాలిలో పులుపు ఎక్కడిది?" ఆమ్లమును జనింపజేయునది ఆమ్లజని యని విగ్రహవాక్యము చెప్పి మేము తరువాతి ఉదాహరణకు పోబోతిమి. బాలుడు కూర్చుండలేదు. "గాలి పీలిస్తే నోరు పుల్లబడదు కదా సార్" అనెను. తరగతి యంతయు నవ్వినది. మాకు సమాధానము తోచలేదు. ఇరువది యేండ్లుగా ఆ పదమును ఎరిగియుండియు మేమెన్నడును ఆ సందేహమును పొందియుండలేదు.

ఆ సాయంకాలము విజ్ఞానశాస్త్రోపాధ్యాయునితో ముచ్చటించి, పుస్తకములు తిరుగవేసి చూడగా విషయము తెలిసినది. 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త లవోయిసియే, ప్రతి ఆమ్లమునందును ఈ వాయువు ఉండితీరునని నమ్మి, 'ఆమ్లమును పుట్టించునది' యను అర్థము వచ్చు గ్రీకు మాటలతో దానికి పేరు పెట్టెను. మన పండితులు ఆ అర్థమునే తెలుగు చేసిరి. కాని ఇంగ్లండునందు హంఫ్రీ డేవీ 1810లో క్లోరిన్ ఒక మూలకమని నిరూపించుటతో, ఉదజనియు క్లోరినును కలసి యేర్పడు హైడ్రోక్లోరిక్ ఆమ్లమున ఆక్సిజన్ లేశమైనను లేదని తేలిపోయినది. మన కడుపులో అన్నమును జీర్ణము చేయునది కూడ ఆ యామ్లమే. అనగా పేరు పెట్టినవారు పొరబడిరి; పేరు మాత్రము నిలిచిపోయినది. మా బాలుని సందేహము సరియైన సందేహమే.

మరునాడు తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఆ బాలుని ముఖమున కనబడిన వెలుగు మేము మరువజాలము. ఆక్సిజన్ అను మాటను వేయిసార్లు వల్లించిన పిల్లవానికి ఈ సందేహము కలుగదు. మాటకు అర్థము తెలిసినవానికే కలుగును. మాతృభాషలో చదువు చెప్పుట వలన ఒనగూడు మేలు ఇట్టిది. మాట లోనికి దిగి అచ్చట ఆలోచనను కదిలించును.

ఇప్పుడు ఈ బాలుడు పదవ తరగతిలోనికి వచ్చినాడు. తండ్రి ప్లాస్టిక్ భంగార్ వేరుచేయు కొట్టులో పనిచేయుచున్నాడు. ఇటీవల మమ్ము కలసినప్పుడు ఆయన, "తెలుగు మీడియంలో చదివినోడికి సైన్సు ఎక్కడ వస్తుంది సార్, పదో తరగతి అవగానే నాతో పాటు పనిలోకి తీసుకపోతా" అనెను. ఆయనను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. ప్రతి జూన్ మాసమునను కళాశాలలలో చేరబోవు మన పిల్లలకు ఎవరో ఒకరు ఇట్టి మాటయే చెప్పుచున్నారు. మంచి మార్కులు వచ్చినవారిని సైతము, "తెలుగు మీడియమా? అయితే ఆర్ట్స్ తీసుకో" యని పంపివేయుచున్నారు. తల్లిదండ్రులు తలయూపి తిరిగివచ్చుచున్నారు. ఈ మాట నిజమా కాదా యని విచారించుటకే ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

మన ధారావికి తూర్పున మధ్య రైల్వే కట్ట కలదు. దానిని దాటి మాటుంగా వైపు గంటలోపు నడచినచో, చెట్ల నడుమ ఒక విద్యాసంస్థ కనబడును. బొంబాయి విశ్వవిద్యాలయము 1933 అక్టోబరు 1వ తేదీన నెలకొల్పిన రసాయన సాంకేతిక విభాగమది. 1943లో మాటుంగాకు వచ్చి, 2008లో స్వతంత్ర ప్రతిపత్తిని పొంది, నేడు రసాయన సాంకేతిక విద్యాసంస్థ యను పేర నడచుచున్నది. అద్దకపు రంగులు, మందులు, నూనెలు, ప్లాస్టిక్కులు మున్నగువాని శాస్త్రము అచ్చట బోధింపబడును. మన వాడలలోని అనేకులకు ఆ ప్రహరీగోడ తెలియును; లోపల ఏమి జరుగునో తెలియదు.

ఆ గోడ లోపల తెలుగువారు చదువలేదా? చదివిరి. గుంటూరున 1935లో జన్మించిన ఆళ్ల వెంకట రామారావుగారు అచ్చటనే సాంకేతిక పట్టమును పొంది, పిమ్మట పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో పరిశోధన చేసి, 1985 నుండి 1995 వరకు హైదరాబాదులోని ప్రభుత్వ రసాయన పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిరి. ఆ పరిశోధనాలయము 1944లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనల కొరకు నిజాం రాజ్యమున వెలసినది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డిగారు కూడ మాటుంగాలో మందుల తయారీశాస్త్రము నభ్యసించి, పూనాలో డాక్టరేటు పొంది, 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. వారు 2013లో కీర్తిశేషులైరి.

రామారావుగారి కృషికిని మన కామాఠీపురాకును ఒక సంబంధము కలదు. తెలంగాణము నుండి వచ్చి ఈ నగరపు మేడలకు రాళ్లు మోసిన కామాఠీల పేరనే ఆ పేట వెలసినదని మన పిల్లలకు తెలిసినదే. దాని చెంతనున్న బెల్లాసిస్ రోడ్డున 1935లో పుట్టిన సిప్లా యను మందుల సంస్థ దీర్ఘకాలము నడచినది. ఎయిడ్స్ వ్యాధి ఈ నగరమున ఎన్ని కుటుంబములను కూల్చినదో పెద్దలెరుగుదురు. ఆ వ్యాధికి ఆనాడున్న మందు జిడోవుడిన్. విదేశములలో దాని వెల సామాన్యులకు అందనిది. దానిని మనదేశముననే చౌకగా తయారుచేయు విధానమును హైదరాబాదున రామారావుగారును వారి సహచరులును రూపొందింపగా, సిప్లావారు 1993లో తక్కువ వెలకు విపణికి తెచ్చిరి. అటుపిమ్మట 2001లో ఆ సంస్థయే మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇచ్చెదమని ప్రకటించెను. అప్పటికి పాశ్చాత్య దేశములలో దాని వెల పదివేల డాలర్లకు పైమాటయే. పరీక్షనాళిక ముందు ఓపికతో నిలిచిన కొందరి శ్రమ, మన వీధి ప్రక్కనే, ప్రాణములు నిలుపు శక్తిగా మారినది.

ఈ పేర్లు చెప్పుకొని సంబరపడి ఊరకున్నచో ఫలము లేదు. వారు గుంటూరు సీమ నుండి వందల మైళ్లు రైలులో వచ్చి ఆ గేటు దాటిరి. మన పిల్లలు కాలినడకను పోగల దూరమునుండియు దాటకున్నారు. మా శిష్యులలో ఆ సంస్థలో చేరినవారు మా యెరుకలో ఒక్కరును లేరు. ఈ లోపము పిల్లలదని మేము తలపము.

భాష చిన్నదైనచో శాస్త్రము రాదను వాదమును కొంచెము పరిశీలింతము. ఐరోపాలో హంగరీ యను దేశము కలదు. అచ్చటి జనసంఖ్య కోటికి లోపు. చుట్టునున్న జర్మను, స్లావు భాషలతో వారి భాషకు చుట్టరికమే లేదు. 2011 జనగణన ప్రకారము మనదేశమున తెలుగు మాతృభాషగా గలవారు ఎనిమిది కోట్లకు పైబడిరి. అయినను రసాయనశాస్త్రమున హంగరీవారి పేరు చిన్నది కాదు. 19వ శతాబ్దమున వారు కూడ మనవలెనే మూలకములకు సొంతపేర్లు కల్పించుకొనిరి. ఆక్సిజన్‌కు 'జీవించు' అను ధాతువు నుండి పేరు పెట్టిరి. మన ప్రాణవాయువు వంటిదే యది. కొంతకాలమునకు ఆ పేర్లను విడిచి, లోకమంతట చెల్లు పేర్లనే చేపట్టిరి. కాని బడిలో బోధనాభాషగా తమ భాషను మాత్రము విడువలేదు. పారిభాషిక పదము ఎరువు తెచ్చుకొనవచ్చును. ఆలోచనను ఎరువు తెచ్చుకొనలేము.

ఆ దేశపు సెగెద్ నగరమున ఆల్బెర్ట్ సెంట్-జార్జి యను శాస్త్రజ్ఞుడుండెను. చిగుళ్ల నుండి నెత్తురు కారు స్కర్వీ వ్యాధిని మాన్పు పదార్థమునకై ఆయన వెదకుచుండెను. పశువుల గ్రంథుల నుండి లభించినది అత్యల్పము, పరిశోధనకు చాలదు. సెగెద్ ప్రాంతము మిరపపంటకు పేరుగన్నది, మన గుంటూరు వలెనే. ఒకరాత్రి భార్య భోజనమున మిరపకాయ వడ్డించగా, తినుటకు ఇష్టములేక దానిని ప్రయోగశాలకు తీసికొనిపోయి పరీక్షించితినని ఆయనయే చెప్పుకొనెను. అర్ధరాత్రి కాకమునుపే అందు తాను వెదకు పదార్థము మెండుగా నున్నదని తేలెను. కొద్దివారములలో కిలోల కొలది లభించినది. అదియే నేడు మనము సి విటమిన్ అను పదార్థము. 1937లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆ మిరప, మన పచ్చిమిరప ఒకే జాతివి. తన పళ్లెములోని వస్తువును ప్రశ్నించువానికే శాస్త్రము వశమగును.

మరి మన పళ్లెములో ఏమున్నది? మన ధారావియే ఒక పెద్ద రసాయనశాల. ఒకప్పుడిచట తోళ్లు పదునుచేయు కొట్టములు మెండుగా నుండెను. సున్నపునీటిలో నానినచో తోలు మీది వెండ్రుకలు ఊడును. తంగేడుచెక్క రసములోని పదార్థము తోలులోని మాంసకృత్తులతో పెనవేసికొనుట వలన తోలు కుళ్లకుండును. తెలంగాణపు పొలముగట్లపై పూచు తంగేడు బ్రతుకమ్మకే గాక చెప్పులకును పనికివచ్చినది. కుంభార్‌వాడలోని కుండ బట్టీలో కాలినప్పుడు మట్టిలో బంధింపబడియున్న నీరు సైతము విడిపోవును గనుక మరల నానబెట్టినను అది మట్టి కాదు. నూనెయు కాస్టిక్ సోడాయు కలసినచో సబ్బును గ్లిసరినును ఏర్పడును. భంగార్ కొట్టులో ముక్కలను నీటిలో వేసినచో పాలిథీన్ తేలును, పి.వి.సి. మునుగును, ఆ రెండింటి సాంద్రతలు వేరు. మా బాలుని తండ్రి దినమంతయు చేయు పని యిదియే. తాను చదువురానివాడనని ఆయన తలచుచున్నాడు. ఆయన చేతికి తెలిసినది కొడుకు పుస్తకమున పాఠముగా నున్నదని ఎవ్వరును ఆయనకు చెప్పలేదు. మేమును చెప్పలేదు.

తప్పు మాయందును కలదని ఒప్పుకొనుచున్నాము. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అచ్చట నేర్చిన నిర్వచనములనే ఇచ్చట వల్లె వేయించితిమి. సబ్బు నిర్వచనము కంఠస్థము చేయించితిమే గాని, సబ్బు ఉడుకు వీధికి పిల్లలను తీసికొనిపోలేదు. తెలుగు చెప్పువారికి సైన్సుతో పనిలేదని తలచితిమి. పదముల అర్థమును విడమరచుట మా పనియే గనుక ఆ తలంపు పొరబాటు.

పెద్దలు వేయు ఆక్షేపణ ఒకటి మిగిలియున్నది. కళాశాలలో సైన్సు పాఠములు ఇంగ్లీషున నడచును గదా యందురు. సత్యమే. మొదటి ఆరు మాసములు మన పిల్లలు కష్టపడుదురు. దానిని మేము దాచము. కాని ఆ కష్టము మాటలది. విషయము ముందే తెలిసినవానికి కొత్తమాట నేర్చుట ఎంతసేపు? విషయము తెలియక మాటలు మాత్రము నేర్చినవాని కష్టము ఆరు మాసములలో తీరునది కాదు. అట్లని ఇంగ్లీషును త్రోసివేయుడని మేము చెప్పుట లేదు. శ్రద్ధగా నేర్వవలెను. మొదట తెలుగున గ్రహించి, పిదప ఇంగ్లీషున చెప్పనేర్చిన పిల్లవాడు ఒకే వస్తువును రెండు చేతులతో పట్టినవాడగును.

కావున మా మనవి యిది. ఉపాధ్యాయులమైన మేము ఎనిమిదవ తరగతి నుండియే ప్రతి శాస్త్రపదమును తెలుగునను ఇంగ్లీషునను ప్రక్కప్రక్కన వ్రాయింతుము. మాసమునకొక సాయంకాలము మన వాడలోని పనిచోటు నొకదానిని పిల్లలకు చూపి, అచ్చటి పెద్దల చేతనే చెప్పింతుము. మాటుంగాలోని ఆ సంస్థను చూడ ననుమతించుడని మన పాఠశాల తరఫున జాబు వ్రాయుదుము. విద్యార్థినీ విద్యార్థులారా, మీరు అర్థము కాని మాట వచ్చినప్పుడు మా బాలుని వలె లేచి నిలువుడు. ఉపాధ్యాయునికి సమాధానము తెలియకపోయినను భయపడకుడు, అతడును నేర్చుకొనును.

తల్లిదండ్రులారా, మిమ్ము కోరునది ఒక్కటే. మాధ్యమమును చూచి పిల్లల త్రోవ నిర్ణయింపకుడు. సైన్సు చదువ గోరు బిడ్డకు, ఆడపిల్లయైనను మగపిల్లవాడైనను, పదవ తరగతి తరువాత రెండేండ్లు గడువిండు. రెండేండ్ల కూలి మన ఇండ్లలో ఎంత బరువో మేమెరుగుదుము. తేలికగా ఈ మాట చెప్పుట లేదు.

మా బాలుని తండ్రిని మొన్న ఆదివారము పాఠశాలకు పిలిచితిమి. కొడుకు పుస్తకము తెరచి, సాంద్రతను గూర్చిన పాఠమును ఆయనకు చదివి వినిపించెను. ఆయన చాలసేపు విని, "ఇది మా పనే కదా" అనెను. పనిలో చేర్చుటను గూర్చి ఆయన ఇంకను ఏమియు నిర్ణయింపలేదు. జూన్ మాసము రావలసియున్నది. రైలుకట్టకు ఈవలనే ఆగుటయో, దాటుటయో అప్పుడు తెలియును.